వెనక వరండాకి రాదు కదా?

ఆ వీధిలో ఆవిడని అందరూ హలోవదిన అంటారు. పేరు లేక కాదు, పెట్టిన పేరుతో పిలిచే తీరిక ఎవరికీ లేక. పొద్దున్న వంట ముగించి కూర్చున్నది మొదలు, గోడ అవతలివాళ్ళకి వినపడేది ఒకటే మాట: "హలో, నమస్కారమండీ, చెప్పండి." మంచినీళ్ళు వడపోసే మిషన్లు అమ్మే కంపెనీ ఒకటి ఉంది. ఆ మిషన్ల మీద వచ్చే ఫిర్యాదులు ఇంట్లో కూర్చుని వినడం ఆవిడ ఉద్యోగం. నీళ్ళు రాకపోతే ఆవిడదే తప్పు, వచ్చిన నీళ్ళు చప్పగా ఉంటే ఆవిడదే తప్పు, మెకానిక్ చెప్పిన వేళకి రాకపోతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఒకసారి ఒక పెద్దాయన తిట్టాల్సినవన్నీ తిట్టేసి, "ఇంతకీ మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అని అడిగాడు. "మేం కాచి చల్లార్చుకుంటామండీ" అని నోరు జారింది. సూపర్‌వైజర్ పెట్టిన చీవాట్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ ఉద్యోగంలో ఆవిడ అలసటంతా చెవుల్లోకే చేరింది. కాళ్ళు పీకితే చాపుకోవచ్చు, నడుం లాగితే కాసేపు వాల్చవచ్చు. చెవుల్ని ఏం చేసుకుంటాం? భోజనాల దగ్గర కూర చప్పగా ఉందని భర్త అంటే, "మీ ఇబ్బందికి చింతిస్తున్నామండీ" అనేసింది ఓ రోజు. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక కావాలని ఆవేళే తెలిసింది.

ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు గది, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు, అదీ దాటితే గిన్నెలు తోముకునే చిన్న వరండా. నెట్ కనెక్షన్‌తో పాటు ఊరికే ఇచ్చిన పాత రౌటర్ ముందు గదిలో చెప్పుల స్టాండు మీద కూర్చుని ఉంటుంది. ఊరికే వచ్చినదాని దర్జా దానిది, బుద్ధి పుడితే పని చేస్తుంది. దాని ఎదుట కూర్చుని కూతురు కాలేజీ పాఠాలు వింటుంది. నడిమి గదిలో మంచం మీద అత్తగారు, ఆవిడ ఒళ్ళో ట్యాబ్, ట్యాబ్‌లో సీరియల్. ఇక మిగిలింది వంటిల్లేగా! హలోవదిన ఆఫీసు వంటింట్లో, మిక్సీ పక్కన. అక్కడికి చేరేసరికి సిగ్నల్‌కి ఆయాసం వచ్చేస్తుంది. "మీ ఇబ్బందికి చింతి" దాకా వచ్చి లైను తెగిపోతుంది. అవతలివాళ్ళు తామంటే లెక్కలేక ఫోన్ పెట్టేసిందనుకుని మళ్ళీ చేసి, ఈసారి రెట్టింపు తిడతారు.

ఇక ఆ వరండా సంగతి చెప్పాలి. వంటింటికీ దానికీ మధ్య పాతకాలపు లావుపాటి గోడ, గోడకి ఆనుకుని నీళ్ళ ట్యాంకు. వెనకింటి గోడ చెయ్యి చాపితే తగులుతుంది. అంచేత రౌటర్ గాలి అక్కడ సోకదు, మామూలు ఫోన్ సిగ్నలూ రాదు. ఒక కుళాయి, మోటారు స్విచ్చి, బోర్లించిన పాత బకెట్. కంపెనీ వాళ్ళు భోజనానికిచ్చే విరామంలో గబగబా నాలుగు మెతుకులు తిని, మిగిలిన కాసేపూ హలోవదిన ఆ బకెట్ మీద కూర్చుంటుంది. సాయంత్రం డ్యూటీ అయ్యాక ఇంకాసేపు. పాటలు వినదు, పుస్తకం చదవదు. కుళాయి కింద రాలే చుక్కని చూస్తూ ఉంటుంది. అంతే. ఆ కాసేపూ ఆవిడ కోడలు కాదు, అమ్మ కాదు, కంపెనీ మనిషి కాదు. అందుకే మళ్ళీ లేచి లోపలికి రాగలుగుతోంది.

ఇంట్లోవాళ్ళకి అదో వేళాకోళం. ఎవరైనా "అమ్మేదీ?" అంటే, కూతురు ఫోన్లో రికార్డు చేసిన ఆడగొంతును అనుకరిస్తూ, "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు" అంటుంది. వేళాకోళాలకి ఆ ఇంట్లో లోటు లేదు లెండి. అత్తగారి మీద కూడా ఒకటుంది. ఆవిడ మోకాళ్ళు బాగున్న రోజుల్లో మోటారు వేసి మర్చిపోయేదట. ట్యాంకు పొంగి, నీళ్ళు సందులోంచి వీధిలోకి పారేవట. "మా అమ్మ మోటారు వేస్తే వీధి తడవాల్సిందే" అని కొడుకు ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు. ముసలావిడ పట్టించుకోదు, సీరియల్ చూసుకుంటుంది.

ఇలా ఈడ్చుకొస్తూ ఉండగా కంపెనీ ఒక కబురు పంపింది. ఇక నుంచి లైను తెగితే తప్పు మాట్లాడేవాళ్ళదే, మాటిమాటికీ లైను తెగేవాళ్ళు ఇంటి నుంచి పని మానేసి రోజూ ఆఫీసుకే రావాలి అని. ఆఫీసు ఊరికి ఆ చివర. వెళ్తే పొద్దుపోయాక గానీ తిరిగి రాదు. మంచం దిగడానికి చెయ్యి అందుకునే అత్తగారిని ఎవరు చూస్తారు? హలోవదిన ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతి చెప్పింది.

"దానిదేముందమ్మా, కొత్త రౌటర్ తీసుకుందాం. నా క్లాసు కూడా ఆగి ఆగి చస్తోంది," అంది కూతురు.

"నాదీ గిర్రున తిరుగుతోందే. నిన్న సరిగ్గా చెంప మీద కొట్టబోతుంటే ఆగిపోయింది. కొట్టిందో లేదో ఇప్పటిదాకా తెలీదు," అంది అత్తగారు.

భర్త చెయ్యి కడుక్కుంటూ, "నువ్వే చూసి తీసుకో. రోజంతా ఇంట్లో ఉండేది నువ్వేగా," అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. లిఫ్టు మెకానిక్. పొద్దస్తమానం ఎవరి మేడలోనో లిఫ్టు నూతిలో దిగి గ్రీజు పూసుకుని ఇంటికొస్తాడు. పని చెయ్యని వస్తువు కంటపడితే చాలు, ఆయనకి చేతులు ఊరుకోవు. కానీ ఆ 'ఇంట్లో ఉండేది' అన్న ముక్క మాత్రం ఆవిడకి చివుక్కుమనిపించింది. ఇంట్లో ఉంటుందిట! ఇంట్లో ఎప్పుడుంది తను?

మర్నాటి నుంచి రౌటర్ల వేట మొదలైంది. పాలు కాగేలోపు ఒకటి, కాల్‌కీ కాల్‌కీ మధ్య ఒకటి చదివింది. ఒకడు అద్భుతమంటాడు, అదే రౌటర్‌ని ఇంకొకడు కాగితాలు ఎగరకుండా పెట్టుకోడానికి బాగుందంటాడు. యాంటెన్నా కొమ్ములు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదని కూతురి సలహా. చదివి చదివి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అర్థమైంది ఇంత: రౌటర్ రెండు రకాల తరంగాలు వదులుతుంది. ఒక రకం చాలా దూరం వెళ్తుంది గానీ మెల్లగా నడుస్తుంది. రెండోది పరుగులు తీస్తుంది గానీ గోడ అడ్డొస్తే చతికిలబడుతుంది. ఈ సంగతి అత్తగారికి చెప్పింది.

"అయితే మీ మామగారూ నీ మొగుడూ అన్నమాట," అంది ముసలావిడ. "ఆయన ఎంత దూరమైనా వెళ్ళేవాడు, పని మాత్రం తెమిలేది కాదు. వీడు ఉరుకే ఉరుకు, ఏదన్నా అడ్డం వస్తే డీలా పడిపోతాడు."

"మరి నేనో అత్తయ్యా?"

అత్తగారు కళ్ళజోడు పైనుంచి ఆవిడ మొహంలోకి చూసింది. "నువ్వు రెండూనే అమ్మాయ్. అందుకే అలా వడిలిపోయావు."

హలోవదిన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతలో కాల్ వచ్చింది, "హలో, నమస్కారమండీ, చెప్పండి."

ఆ సాయంత్రమే ఒక ప్రకటన కంటపడింది. ఒక్క రౌటర్ కాదు, సెట్టు. గదికో డబ్బా పెడితే ఇల్లంతా ఒకే వల పరిచినట్టు సిగ్నల్ అల్లుకుపోతుందట. కింద పెద్ద అక్షరాలతో, 'మీ ఇంట్లో ఏ మూలనున్నా మీరు అందుబాటులోనే!' అని ఉంది. దాని కింద ఒక ఇల్లాలి బొమ్మ, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. ఆ నవ్వు ఎందుకో ఏడ్చినట్టుంది అనుకుంది హలోవదిన. ఏ మూలనున్నా అంటే బకెట్ దగ్గర కూడానన్నమాట. అక్కడికీ సిగ్నల్ వచ్చేస్తే తను ఇంకెక్కడికి పోవాలి? బాత్రూంలోకా? అక్కడ తలుపు కొడతారు.

నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఏమని చెబుతుంది? 'రోజూ కాసేపు మీకెవరికీ దొరక్కుండా ఉండాలని ఉంది' అంటే అత్తగారు తను బరువైపోయాననుకుంటుంది. భర్త 'నేనేం తక్కువ చేశాను' అని మొహం వేలాడేసుకుంటాడు. కూతురు డాక్టర్ దగ్గరికి వెళ్దామంటుంది. ఆ ముగ్గుర్నీ ఓదార్చడానికి మళ్ళీ ఎవరు కావాలి? తనే. ఆ సంబడం తన వల్ల కాదు. అంచేత చెప్పకుండానే పని కానిచ్చేద్దామనుకుంది. సిగ్నల్ వంటింటి దాకా రావాలి, వంటింటి గోడ దాటకూడదు. అలాంటి రౌటర్ ఉంటే చాలు, కొమ్ములు ఎన్నున్నా ఆవిడకి అభ్యంతరం లేదు.

సెలవురోజు కంప్యూటర్ సామాన్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన మర్యాదస్తుడు, కాస్త బొంగురు గొంతు. "ఏ రేంజ్‌లో చూపించమంటారు మేడమ్?" అన్నాడు.

"ముందు గది నుంచి వంటింటి దాకా."

ఆయన తికమకపడ్డాడు. "అది కాదు మేడమ్, ధర ఏ రేంజ్‌లో అని."

"ఓ, అదా! మా రేంజ్ ఎంతుంటుందండీ? మధ్యరకంగా ఉన్నవి చూపించండి."

ఇల్లెలా ఉంటుందో అడిగి తెలుసుకుని, ఆయన ఒక నల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది బాగుంటుంది. చెప్పుల స్టాండు మీద మాత్రం పెట్టకండి. అక్కడ పెడితే ఎంత మంచిదైనా చెప్పులకే పని చేస్తుంది. వైరు లాగించి నడిమి గదిలో కాస్త ఎత్తులో పెట్టుకోండి. అన్ని గదులకీ సమానంగా అందుతుంది."

"వంటింట్లో లైను తెగదు కదా?"

"తెగదు మేడమ్, నాది పూచీ."

హలోవదిన గొంతు సర్దుకుంది. "వెనక వరండాకి రాదు కదా?"

మన భాషలో చిక్కంతా ఇక్కడే ఉంది. 'రాదు కదా' అని ఆశగానూ అడగొచ్చు, దిగులుగానూ అడగొచ్చు. మాట ఒకటే, రాగం వేరు. ఏళ్ళ తరబడి ఫోన్లో ఒకే రాగంలో మాట్లాడి మాట్లాడి, ఆవిడ గొంతులో మిగతా రాగాలన్నీ అరిగిపోయాయి. కొట్టాయనకి వినపడింది దిగులు.

"నిజం చెప్పాలంటే రాదు మేడమ్," అన్నాడు జాలిగా. "లావు గోడ, పక్కనే ట్యాంకు అంటున్నారు. అక్కడికి రావాలంటే ఇంకో చిన్న డబ్బా పెట్టుకోవాలి. చూపించమంటారా?"

"వద్దొద్దు! ఇది చాలు," అంది కంగారుగా. గుమ్మం దాకా వెళ్ళి, మనసాగక వెనక్కి తిరిగింది. "ఖచ్చితంగా రాదు కదండీ?"

"రాదు మేడమ్," అన్నాడాయన, తనే ఏదో తప్పు చేసినట్టు.

కొత్త రౌటర్ నడిమి గది బీరువా మీద ఎక్కింది. ఇంట్లో పండగే అనుకోండి. కూతురి పాఠం ఆగకుండా సాగింది. అత్తగారి సీరియల్లో చెంపదెబ్బ గుక్కతిప్పుకోకుండా పడింది. వంటింట్లో హలోవదిన 'చింతిస్తున్నామండీ' అన్న మాటని చివరి అక్షరం దాకా పలికి, అవతలి మనిషి "సరేలెండి" అనడం విని ఆశ్చర్యపోయింది. మాట పూర్తిగా వింటే జనం ఇంత మెత్తబడతారా! విరామం రాగానే ఫోన్ పట్టుకుని వరండాలోకి అడుగుపెట్టింది. గోడ దాటీ దాటగానే ఫోన్ మీది గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. బతుకు జీవుడా అనుకుని బకెట్ మీద కూలబడింది.

ఆ సుఖం ఎన్నాళ్ళో నిలవలేదు. రౌటర్ వైరు గోడ మీద వేలాడుతుంటే భర్తకి చూడబుద్ధి కాలేదు. దాన్ని బిగించే క్లిప్పుల కోసం అదే కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన గుర్తుపట్టి, "మేడమ్ వెనక వరండాకి రాదని చాలా బాధపడ్డారు సార్. ఒకటికి రెండుసార్లు అడిగారు. డబ్బులు చూసుకుని వద్దన్నట్టున్నారు పాపం," అన్నాడు.

ఆయన మనసు కలుక్కుమంది. రోజూ ఆ మూల బకెట్ మీద ఉత్తచేతులతో కూర్చుంటుంటే ఏమిటో అనుకున్నాడు గానీ, ఫోన్ చూసుకునే వీలు లేక అలా కూర్చుంటోందని తట్టనే లేదు తనకి. నోరు తెరిచి ఒక్క మాట అడగదు కదా, పిచ్చిది!

ఆ సాయంత్రం డ్యూటీ ముగించి హలోవదిన వరండాలోకి వచ్చేసరికి, మోటారు స్విచ్చి పక్కన ప్లగ్గులో అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా ఒకటి పచ్చదీపం వెలిగించుకుని కూర్చుని ఉంది. అదేమిటో అర్థమయ్యేలోపే చేతిలో ఫోన్ టింగుమంది. కూతురు: అమ్మా, నా చార్జర్ చూశావా? మళ్ళీ టింగు. సూపర్‌వైజర్: రేపు ఒక గంట ముందు కూర్చోగలరా? ఇంకా ఊపిరి తీసుకోకముందే నెట్ కాల్ మోగింది. భర్త.

"వినపడుతోందా? ఎలా ఉంది?" ముందు గదిలోంచి ఆయన గొంతు ఫోన్లోనూ, గోడ మీదుగానూ ఒకేసారి వచ్చింది. "కొట్టాయన అంతా చెప్పాడులే. ఇకమీదట నువ్వు ఇంట్లో ఎక్కడున్నా అందుబాటులోనే!"

ఆ మాట సరిగ్గా ప్రకటనలో మాటే. హలోవదిన నోటికి తిట్టు రాలేదు, ఏడుపూ రాలేదు. ఏళ్ళుగా అలవాటైన ఉద్యోగపు గొంతే వచ్చింది.

"మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు. దయచేసి కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి."

ఆయన పడీ పడీ నవ్వాడు. "అబ్బబ్బ, అచ్చం అదే గొంతు! ఆగాగు, స్పీకర్ పెడతాను. అమ్మా, ఇది విను!" నవ్వుకుంటూ నడిమి గదిలోకి వచ్చిన చప్పుడు వినపడింది. "ఊఁ, మళ్ళీ చెప్పు."

"మీరు కాల్ చేస్తున్న వ్యక్తి," అంది హలోవదిన. "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి..." మాట అక్కడే ఆగింది. ఈసారి తెగింది లైను కాదు.

నడిమి గదిలో సీరియల్ ఆగింది. మంచం కిర్రుమంది. ఎవరి చెయ్యీ అందుకోకుండా, గోడ పట్టుకుని, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతూ అత్తగారు వరండాలోకి వచ్చింది. వెనకే కొడుకు, చేతిలో ఇంకా ఫోన్‌తో. ముసలావిడ కోడల్నీ పచ్చదీపాన్నీ మార్చి మార్చి చూసింది.

"దీన్ని ఆపడం ఎలాగే?"

"ప్లగ్ పీకెయ్యాలి అత్తయ్యా."

అత్తగారు పీకేసింది. పీకి కొడుకు చేతిలో పెట్టింది.

"అదేంటమ్మా! రావట్లేదని అది బాధపడుతుంటేనే కదా తెచ్చాను," అన్నాడాయన. "నేనేం తప్పు చేశాను?"

హలోవదిన తలెత్తింది. ఇక దాచే ఓపిక కూడా అయిపోయింది ఆవిడకి. "తప్పేం లేదండీ. మంచికే తెచ్చారు. నేను అడిగింది వస్తుందా అని కాదు, రాకూడదని. రోజంతా ఎవరు పిలిచినా పలుకుతూనే ఉన్నాను. అలసిపోయాను. ఇక్కడ కాసేపు నేనెవరికీ అందకుండా కూర్చుంటాను. మీక్కూడా."

ఆయన మొహం వాడిపోయింది. "నామీద కోపమా?" అన్నాడు. ఓదార్చాల్సిన ఘట్టం వచ్చేసిందని ఆవిడకి తెలుసు. లేవబోయింది. అత్తగారు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

"ఇప్పుడు కాదురా. కాసేపాగి ప్రయత్నించు. ముందు నాకు ఆ స్టూలు ఇటు వేసి వెళ్ళు."

ఆయన స్టూలు తెచ్చి వేశాడు. గుమ్మంలో ఓ క్షణం నిలబడి, తెల్ల డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అత్తగారు స్టూలు మీద మెల్లగా కూలబడి మోకాళ్ళు రాసుకుంది.

"నా రోజుల్లో ఈ ఫోన్లూ గీన్లూ లేవు గానీ, పిలుపులు మాత్రం ఇన్నీ ఉండేవే," అంది. "మీ మామగారు, ఆయన అమ్మ, పిల్లలు. గోడ ఎంత లావైతే ఏం, కేకలు దాటి వచ్చేసేవి. అందుకని మోటారు వేసుకుని ఇక్కడ కూర్చునేదాన్ని. ఆ చప్పుడులో ఎవరి పిలుపూ వినపడేది కాదు."

హలోవదిన ఆవిడ వంక తిరిగింది. "మరి ట్యాంకు పొంగి వీధంతా తడిసేదని..."

"నాకు మతిమరుపని కదూ వాడు చెప్పేది? చెప్పుకోనీ."

కుళాయి కింద ఒక చుక్క రాలింది. ఇద్దరూ దాన్నే చూశారు. ముసలావిడ స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"వెయ్యనా?"

"ట్యాంకు నిండే ఉంది అత్తయ్యా."

"పొంగితే పొంగనీ."

మోటారు గుర్రుమంది. లోపల్నించి ఎవరో పిలిచారు. ఇద్దరికీ వినపడలేదు.